పాలతో మింగిన గోలీ

మా అత్తగారింట్లో గోలీ నీళ్లతో మింగే అలవాటు లేదు. జ్వరం గోలీ అయినా, బీపీ గోలీ అయినా, పిల్లలకిచ్చే నులిపురుగుల గోలీ అయినా పాలతోనే. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో ఇల్లు, ఇంటి వెనక రేకుల కొట్టం, కొట్టం నిండా బర్రెలు. తెల్లారకముందే చాయ్ హోటళ్ల వాళ్లు క్యాన్లు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాళ్లు. "ఇంట్ల గిన్ని పాలు పెట్టుకొని నీళ్లతోని గోలీ మింగుడేంది, ఎవరన్న చూస్తే నవ్వుతరు" అనేది మా అత్తమ్మ. నేను కోడలిగా వెళ్లిన కొత్తలో తలనొప్పి గోలీ నీళ్లతో వేసుకోబోతే చేతిలో గ్లాసు లాక్కుంది. నవ్వుతూనే లాక్కుంది. నాకూ నవ్వొచ్చింది.

నాకు థైరాయిడ్ సరిగా పనిచేయదని డిగ్రీలో ఉండగానే తెలిసింది. పెళ్లి మాటలప్పుడే చెప్పేశాం, దాచలేదు. "రోజుకొక చిన్న గోలీ, గంతే గదా. మా బర్రెలకు ఇంతకన్న ఎక్కువ మందులు పోస్తం" అని అత్తమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. గోలీల సీసా నా మంచం పక్కన కిటికీలో ఉండేది. కళ్లు తెరవగానే బాటిల్‌లో నీళ్లతో మింగి బయటికొచ్చేదాన్ని. ఆ ఒక్క గోలీ అత్తమ్మ కంట పడలేదు కాబట్టి అలా సాగిపోయింది.

గర్భం నిలిచిందని తెలిశాక డాక్టరమ్మ డోసు పెంచింది. కడుపులో బిడ్డ పడగానే ఒంట్లో హార్మోన్లన్నీ మారిపోతాయనీ, థైరాయిడ్ మామూలుకన్నా ఎక్కువ పనిచేయాల్సి వస్తుందనీ, బాగున్న గ్రంథి దానంతటదే పెంచుకుంటుందనీ, నాది పెంచుకోలేదు కాబట్టి గోలీ పెంచాలనీ చెప్పింది. "పరగడుపున వేసుకో, మరిచిపోవద్దు" అంది. సరేనన్నాను. దేంతో మింగుతున్నావని ఆమె అడగలేదు. అడగాలని మాత్రం ఎవరికి తోస్తుంది? మందు ఎవరైనా నీళ్లతోనే కదా మింగేది, మా ఇల్లు తప్ప.

బర్రెల ఇంటి కోడలికి బర్రె వాసన పడకపోతే ఎట్లా ఉంటుందో నన్నడగాలి. పొద్దున కొట్టం వైపు తలుపు తెరిస్తే చాలు, కడుపులోది నోట్లోకి వచ్చేది. పేడ వాసన సరే, తడిసిన దాణా వాసన, పాలు పొంగిన వాసన, చివరికి మా ఆయన చొక్కా వాసన కూడా. వాంతులు ఒక ఎత్తు, నా బుద్ధి ఇంకో ఎత్తు. పక్కింటి ఖాలా వాళ్ల మేక అరిస్తే నాకు ఏడుపు. మా ఆయన చెప్పులు వంకరగా విడిస్తే కోపం. ఒకరోజు పెరుగు పుల్లగా ఉందని గిన్నె నేలకేసి కొట్టి, పిల్లి వచ్చి నాకుతుంటే దాన్ని చూసి పగలబడి నవ్వాను.

"దయ్యం గిట్ల పట్టిందా ఏంది నీకు?" అన్నాడు ఆయన బెదిరిపోయి.

"దయ్యం కాదు, కడుపుల ఉన్నది నీ రక్తం. నువ్వు పుట్టకముందు నాతోని గివే ఏషాలేయించినవ్" అంది అత్తమ్మ, పెరుగు తుడుస్తూ. ఒక్క మాట నన్ననలేదు. మా అమ్మ అయినా నాలుగు తిట్టేది.

అప్పుడే గోలీలు అత్తమ్మ చేతికి వెళ్లాయి. పొద్దున్నే నీళ్లు తాగితే వాంతి అవుతోందని చూసి, కిటికీలో సీసా తీసుకుపోయి వంటింటి గూట్లో పెట్టుకుంది. దాని పక్కనే కాల్షియం గోలీలు, రక్తం పట్టడానికి ఇచ్చిన గోలీలు. అన్నీ ఒకే చోట, అన్నీ ఒకేసారి. నేను మంచం మీద లేచి కూర్చునే సరికి స్టీలు గ్లాసులో పాలతో గుమ్మంలో ఉండేది. డాక్టరమ్మ పరగడుపున అందని నేను అంటే, "పాలు తిండా ఏంది? తాగేది గదా. నువ్వు పరగడుపునే ఉన్నవ్" అంది. అది నాకూ నిజమే అనిపించింది. పైగా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పాలు మాత్రం వాంతి కాలేదు. తొలి ఈత బర్రె పాలు నా కోసం వేరే గిన్నెలో పిండి, మళ్లీ మళ్లీ పొంగించి, ఏలక్కాయ వేసి తెచ్చేది. నేను గోలీలు మింగి, గ్లాసు ఖాళీ చేసేదాకా అక్కడే నిలబడేది. గ్లాసు అడుగు చూసుకుని గానీ కదిలేది కాదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పొద్దుల్లోనే నేను ఆమెకు అందరికన్నా దగ్గరగా ఉన్నాను. ఆ ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి ఒక గ్లాసు పాలు ఎవరైనా ఇచ్చారా అంటే, నేను చూడలేదు.

వాంతులు తగ్గే రోజులొచ్చినా నాకు బలం రాలేదు. పత్తర్‌గట్టిలో నేను పనిచేసేది జాకెట్ గుడ్డల మ్యాచింగ్ సెంటర్. చీర చెంగు చూసి, వంద రంగుల్లో దానికి సరిపోయే గుడ్డ కళ్లతోనే తీయడం నా పని. అందులో నాకు పేరుండేది. అట్లాంటిది ఒక పెళ్లివారికి మెహందీ రంగుకు చిలకపచ్చ కోసి ఇచ్చాను. గుడ్డ తాను మీద కత్తెర పెట్టుకుని నిద్రపోయాను. కాళ్లు చల్లగా, ముఖం ఉబ్బి, ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు నాదాకా రావడానికి కాసేపు పట్టేది. "క్యా హువా బేటీ, ఇంటికి పోయి ఆరామ్ చెయ్" అన్నాడు సేఠ్. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది మామూలే అన్నారందరూ. నేనూ అదే అనుకున్నాను. ఇంటికొస్తే అత్తమ్మ నా ముఖం చూసి సాయంత్రం కూడా ఒక గ్లాసు మొదలుపెట్టింది.

రక్తపరీక్షలో అంకె పెరుగుతూ వచ్చింది. ఆ అంకె పెరిగిందంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైందని అర్థమట. డాక్టరమ్మ డోసు పెంచింది. మళ్లీ పరీక్ష, మళ్లీ అంకె పైకే. మళ్లీ పెంచింది. "గోలీ రోజూ వేసుకుంటున్నావా, నిజం చెప్పు" అని అడిగింది. ఒట్టేసి చెప్పాను. ఆమె నమ్మలేదని ముఖంలో తెలిసిపోయింది. ఇంటికొచ్చి ఏడిస్తే అత్తమ్మకు ఒళ్లు మండింది. "నా కోడలు అబద్ధమాడుతదా? ఈసారి నేనొస్త, నేనే చెప్త" అంది.

వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చుని, నన్ను మాట్లాడనివ్వకుండా మొదలుపెట్టింది.

"మేడమ్, ఈ పిల్ల ఒక్కరోజు గూడ తప్పలే. నేనే నా చేతులతోని ఏపిస్త. రోజు పొద్దుగాల, గోలీలన్ని ఒక్కసారే, గింత పెద్ద గ్లాసు పాలతోని. మా ఇంటి పాలు, సుక్క నీళ్లు కలవనియి."

చెయ్యెత్తి గ్లాసు ఎంత పెద్దదో కూడా చూపించింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, మా ఇద్దరినీ చూసింది.

"పాలతోనా?"

"అవ్ మేడమ్."

"కాల్షియం గోలీ కూడా దాంతోపాటే?"

"అన్ని కలిపే."

అప్పుడు చెప్పింది. పాలలో ఉన్న కాల్షియం ఈ మందును పట్టుకుంటుందట, ఒంటికి పట్టనివ్వదట. రక్తం గోలీ కూడా అంతే. ఎంత డోసు పెంచినా చాలా భాగం ఊరికే బయటికి పోతోందట. నీళ్లతోనే మింగాలి, తర్వాత కాసేపటి దాకా ఏమీ తాగకూడదు, మిగిలిన గోలీలు చాలా గంటల తర్వాత. కోప్పడలేదు గానీ, ఆమె గొంతులో విసుగు ఉంది. "మొదటి నెలల్లో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదమ్మా. తల్లి దగ్గర ఉన్నదే తీసుకోవాలి. బిడ్డ మెదడు ఎదిగేది ఈ హార్మోన్‌తోనే."

అత్తమ్మ ముఖం మీద నవ్వు వెంటనే పోలేదు. పోవాలని తెలియనట్టు కాసేపు అట్లాగే ఉంది.

"మెదడా?" అంది.

"ఇప్పటికైనా తెలిసింది, మంచిదే. సరిచేసుకుందాం" అని డాక్టరమ్మ రాసుకోవడం మొదలుపెట్టింది.

హార్మోన్ అనే మాట అత్తమ్మకు కొత్త కాదు. పాలు తొందరగా చేపడానికి కొందరు బర్రెకు సూది పొడుస్తారు. ఆ సూదిలో ఉండేది హార్మోనే అని పశువుల డాక్టరు చెప్పగా విన్నది. హోటళ్లకు పాలు చాలక మామయ్య ఒకసారి ఆ సూది తెస్తే, నాలాలో పారేసి పెద్ద లొల్లి చేసిందట. "బర్రె ఒంట్ల దేవుడు పెట్టిన లెక్కను మనం చెడగొట్టొద్దు" అనేది. అట్లాంటి మనిషి ఆ రోజు ఆటోలో ఇంటిదాకా ఒకే ఒక్క మాట అడిగింది.

"నీళ్లు వేడియా, సల్లటియా?"

"ఏవైనా పర్వాలేదు అత్తమ్మా" అన్నాను.

మర్నాడు లేచేసరికి సీసా మళ్లీ నా కిటికీలో ఉంది. పక్కనే చెంబులో నీళ్లు, మీద మూత. అత్తమ్మ గుమ్మంలో లేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆమె నా గోలీలు ముట్టుకోలేదు. నేను పాలు అడిగితే, "ఇప్పుడు తాగొచ్చునా? డాక్టర్ చెప్పిందా?" అని ఎదురు అడిగేది. ఏలక్కాయ పాలు ఆగిపోయాయి.

నీళ్లతో మింగడం మొదలుపెట్టాక అంకె దిగింది. తర్వాతి పరీక్షకల్లా ఉండాల్సిన చోటికి వచ్చింది, డోసు కూడా తగ్గించారు. కాళ్లలో వేడి వచ్చింది, రంగులు మళ్లీ రంగుల్లా కనిపించాయి. రిపోర్టు చూసి డాక్టరమ్మ బిడ్డకు ఏం ఫికర్ లేదంది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "అంతా మంచిగుంది అత్తమ్మా" అన్నాను. ఆమె దాణా కలుపుతోంది. తలూపింది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మడమ మీద గుచ్చి రక్తం తీసి పరీక్షకు పంపారు. థైరాయిడ్ బ్రహ్మాండంగా ఉందన్నారు. మా ఆయన అందరికీ మిఠాయి పంచాడు. అప్పుడూ "అంతా మంచిగుంది" అన్నాం. నా మట్టుకు నాకు ఆ పాల కథ అక్కడితో అయిపోయింది.

మా వైపు పసిపిల్లకు స్నానం పోసేది నాయనమ్మ. కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పడుకోబెట్టి పోస్తుంది. అత్తమ్మ పోయలేదు. "నా చేతులు మోటుగుంటయ్, మీ అమ్మ పోస్తది తియ్" అంది. ఆ మోటు చేతులతోనే అప్పుడే పుట్టిన దూడను ఒళ్లో వేసుకుని తుడిచేది. నాకు చిత్రంగా అనిపించింది, కానీ బాలింత నడుం నొప్పుల్లో దాన్ని పట్టించుకునేంత ఓపిక లేదు.

ముద్దు చేయకపోతే పోనీ, పిల్లను చూడడం మాత్రం మానేది కాదు. ఉయ్యాల వెనక నిలబడి తాళాల గుత్తి ఆడించి, పిల్ల తల తిప్పుతుందా అని చూసేది. దీపం అటూ ఇటూ కదిపి కళ్లు చూసేది. బోర్లా పడ్డదా, పాకిందా, పక్కింటి పిల్ల అప్పటికే నిలబడింది కదా. మా పిల్లకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఆ రోజుల్లో అత్తమ్మ అన్నం సరిగా తినలేదు. షుగర్ వచ్చిందేమోనని పరీక్ష కూడా చేయించాం. చివరికి పిల్ల నోరు విప్పింది, విప్పాక మళ్లీ మూయలేదు. అప్పుడైనా అత్తమ్మ నెమ్మదిస్తుందనుకుంటే పరీక్షలు ఇంకా పెరిగాయి.

"కొట్టంల ఎన్ని బర్రెలున్నయ్?"

"తొమ్మిది."

"రెండమ్మితే?"

"ఏడు."

"ఒకటి ఈనితే?"

"దూడ బర్రె కాదు గదా బాపమ్మా, ఏడే."

నాకైతే ముద్దొచ్చి పిల్లను నమిలేయాలనిపించేది. అత్తమ్మ మాత్రం ఆ జవాబును ఎక్కడో లోపల రాసిపెట్టుకున్నట్టు తల ఊపి, ఇంకో ప్రశ్న వేసేది. పిల్ల బడి నుంచి రాగానే ప్రశ్న, అన్నం ముందు ప్రశ్న. పాలు తాగించాలంటే మాత్రం, గ్లాసు నా చేతికిచ్చి, "నువ్వే తాగియ్" అని పక్కకు పోయేది. గోడ మీదుగా చూసే ఖాలా ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "అరె, బచ్చీని బచ్చీ లెక్క చూడమ్మా. రోజూ ఈ ఇంతిహాన్, ఈ పరీక్ష ఏంది?" అత్తమ్మ వినిపించుకోలేదు. పిల్ల కూడా బాపమ్మను చూస్తే సందు చివరి నుంచే తప్పించుకోవడం నేర్చుకుంది.

నాకు కోపం వచ్చేది, ఎందుకు రాదు? ఒక రాత్రి మా ఆయనతో అన్నాను, ఆడపిల్ల అని మీ అమ్మకు ప్రేమ పుట్టడం లేదని. "మా అమ్మ గట్లాంటిది కాదు" అన్నాడు. మరి ఎట్లాంటిదో ఆయనకూ తెలియదు. ఇద్దరం అక్కడితో వదిలేశాం. ఆ ఒక్క ముచ్చట ఆమెనే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఎంత బాగుండేదో. ఒక ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర అన్నేళ్లు ఉన్నాం.

పోయిన వానాకాలం అత్తమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రి వార్డులో మధ్యాహ్నం పూట నేను ఉండేదాన్ని. ఒకరోజు నర్సు ఇచ్చిన గోలీలు అరచేతిలో పెట్టి, నీళ్లు అందించాను. ఆమె గోలీల వంక చూస్తూ ఉండిపోయింది.

"బిడ్డా, ఒక మాట అడుగుత, నిజం చెప్తవా?"

"చెప్పండి అత్తమ్మా."

"పిల్లకేం కాలే గదా?"

"ఏ పిల్లకు?"

"మన పిల్లకు. ఆ డాక్టరమ్మ అన్నది గదా, మెదడు అని. నేను పాలు తాపించిన గదా. పుట్టినకాంచి చూస్తనే ఉన్న. మంచిగనే చెప్తది అన్ని, తెలివిగల్లదే. కానీ నాకేం తెలుస్తది, సదువుకున్నదాన్నా? ముందుముందు ఏమన్న బయటపడ్తదా?"

తెలిసినవన్నీ ఒక్కసారే చెప్పేశాను. అంకె దిగిన సంగతి, డోసు తగ్గించిన సంగతి, మడమ పరీక్ష, బిడ్డకు ఏం ఫికర్ లేదని డాక్టరమ్మ అన్న మాట. రెండుసార్లు, మూడుసార్లు చెప్పాను. చేతులు పట్టుకుని చెప్పాను. "మీ పాలతో ఏం కాలేదు అత్తమ్మా. అప్పుడే అంతా మంచిగుందని చెప్పిన గదా మీకు!"

"మంచిగుంది అంటే నీ ఒంట్ల మంచిగుంది అంటున్నవనుకున్న" అంది. "బిడ్డ మెదడు సంగతి నువ్వు చెప్పలే. నేనడగలే. అడిగితే, అయింది అంటవేమోనని బయమయింది."

అరచేతిలోని గోలీలు నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. తర్వాత, "పిల్లను తీస్కరా ఒక్కసారి" అంది. వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. ఇంటికి పంపించేస్తారు కదా, ఇంట్లోనే చూడండి, ఎంతసేపైనా కూర్చోబెట్టుకోండి అన్నాను. సరేనంది. ఆమె మళ్లీ ఇంటికి రాలేదు.

దశదినకర్మ రోజు ఇంటి నిండా చుట్టాలు. ఆడపడుచులు ఏడుస్తున్నారు, ఖాలా ఏడుస్తోంది, క్యాన్లు పట్టుకొచ్చే చాయ్ హోటల్ అతను కూడా కళ్లు తుడుచుకున్నాడు. మా పిల్ల మాత్రం మేడ మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. ఆ పదిరోజుల్లో అది ఒక్కసారి కూడా ఏడవలేదని అప్పుడే గమనించాను. వెళ్లి పక్కన కూర్చుని, ఏంది బిడ్డా అన్నాను.

"అందరు ఏడ్వమంటున్నరు. నాకు ఏడుపొస్తలేదు. బాపమ్మకు నేనంటే ఇష్టం లేకుండె గదా మమ్మీ."

ఎవరు చెప్పారే అంటే, ఎవరూ చెప్పలేదు, నాకే తెలుసు అంది. ఎప్పుడు చూసినా ప్రశ్నలే, ఎంత కరెక్టుగా చెప్పినా నవ్వదు, నాకు గ్లాసు కూడా తన చేత్తో ఇవ్వదు అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా కాదు. అలవాటైపోయిన సంగతి చెప్తున్నట్టు అంది.

అప్పుడు మొత్తం చెప్పాను. నా గొంతులో ఉండే గ్రంథి గురించి, తను కడుపులో ఉన్నప్పుడు నా నుంచి తీసుకున్న హార్మోన్ గురించి, పాల గ్లాసు గురించి, ఆకుపచ్చ పట్టుచీర గురించి, డాక్టరమ్మ అన్న ఆ ఒక్క మాట గురించి. బాపమ్మ ప్రశ్నలన్నీ ఎందుకో చెప్పాను. పదేళ్ల పిల్లకు ఎంత అర్థమవుతుందోనని ఆగి ఆగి చెప్పాను. అది మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని అంతా విన్నది.

"గంతేనా?" అంది చివరికి. "నన్ను అడిగితే అయిపోతుండె గదా. నేను మంచిగనే ఉన్న అని చెప్తుంటి."

దాని జుట్టు సవరించాను.

"చెప్తే, అప్పుడు నన్ను ముద్దు చేస్తుండెనా మమ్మీ?"

"చేస్తుండె బిడ్డా. మస్తు చేస్తుండె."

అప్పుడు ఏడ్చింది.